విడిచిన ఇండ్ల కావలామె

మా ఇంటి తలుపుకు ఈ చలికాలం మళ్ళీ తుమ్మకంప పడింది. దారిన పోయేవాళ్ళు ఆగి, ఎవరు పోయారని అడుగుతున్నారు. మా వాళ్ళెవరూ కాదంటే, మరి ఇల్లెందుకు విడిచారని మళ్ళీ అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ కూర్చునే ఓపిక నాకు లేదు. అందుకే రాస్తున్నాను. అక్షరాలు నాకు ముసలితనంలో వచ్చాయి. ఉన్నది ఉన్నట్టు రాయడమే వచ్చు.

తెలియనివాళ్ళకు ముందు ఒక సంగతి చెప్పాలి. మా దిక్కు చెడ్డ నక్షత్రంలో మనిషి ప్రాణం పోతే ఆ ఇల్లు విడవాలి. నెలల తరబడి అందులో ఎవరూ పడుకోవద్దు, దీపం పెట్టవద్దు. ఎన్ని నెలలన్నది నక్షత్రాన్ని బట్టి అయ్యగారు చెబుతాడు. తాళం వేసి, తలుపుకు అడ్డంగా తుమ్మకంప పెట్టి, ఇంటిల్లిపాదీ చేను కాడికో కిరాయి ఇంటికో పోతారు. గడువు తీరినాక శాంతి చేయించి, సున్నం వేసి, పాలు పొంగించి మళ్ళీ వస్తారు. దీన్నే మేము ఇల్లు పాడుపెట్టడం అంటాం.

అట్లా పాడుపెట్టిన ఇండ్లకు కావలి ఉండడం ఒకామె పని. కురవి, గార్ల, మానుకోట, ఒక్కోసారి జనగామ దాకా కబురు వచ్చేది. ఎక్కువ పని చలికాలంలోనే. ముసలివాళ్ళు చలికే ఎక్కువ పోతారు కదా. జనం ఆమెను కావలామె అనేవాళ్ళు. నేను అక్కా అనేదాన్ని. పేరు అడిగితే, "పిలిచెటోళ్ళు పోయిండ్రు, ఇగ పేరెందుకు" అనేది. ఊరు అడిగితే మహదేవపూర్ దిక్కు అనేది. అక్కడ ఇల్లు లేదా అంటే, "ఉండె. పోయింది" అనేది. అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పింది లేదు. కానీ ఎవరి అరుగు మీద కూర్చున్నా ముఖం ఉత్తరం దిక్కే పెట్టేది. గోదావరి అటే.

పొట్టి మనిషి. భుజం మీద నల్ల గొంగడి, చంకలో ఒక సత్తుగిన్నె, చేతిలో తన పొరక. ఎవరింటికి పోయినా ఆ ఇంటి చీపురు ముట్టేది కాదు. ఇంటివాళ్ళు తాళంచెవి ఆమె చేతిలోనే పెట్టేవాళ్ళు. ఎలుకలు పడ్డాయా, చెదలు పట్టిందా, వాన కారుతుందా చూసుకోవడానికి లోపలికి పోవచ్చు. పడుకోవడం మాత్రం బయట అరుగు మీదనే. ఆమెది ఆ ఇంటి గోత్రం కాదు కాబట్టి నక్షత్రం ఆమెను పట్టదని అందరి నమ్మకం. "నన్ను వట్టుకొని అదేం జేసుకుంటది" అని ఆమె నవ్వేది. నవ్వితే దగ్గు వచ్చేది.

మంచి మనిషని నేను చెప్పను. నోరు చెడ్డది. ఇల్లు అప్పజెప్పడానికి వచ్చినవాళ్ళను మొహం మీదనే అనేది: "ముసలోడున్నప్పుడు మందులు తెచ్చియ్యలే గని, సచ్చినంక నక్షత్రం సూపిస్తుండ్రు." వాళ్ళు పడేవాళ్ళు. పడక చేసేదేముంది, పాడుపెట్టిన ఇంటి ముందు కూర్చోవడానికి ఇంకెవరు వస్తారు.

మా ఇంటాయన కార్తీకంలో పోయాడు. నక్షత్రం బాగా లేదు, ఇల్లు విడవమన్నారు. కొడుకు, కోడలు, నేను మిరపచేను కాడ మోటారు గదికి పోయాం. అప్పుడు మా ఇంటికి వచ్చింది ఆమె. తాళంచెవి తీసుకొని, కొంగుకు ముడి వేసుకొని, నన్ను కిందికీ మీదికీ చూసింది. "ఇగ పో. అస్తమానం వచ్చి నిలవడకు. ఇల్లు నిన్ను సూసి ఏడుస్తది" అంది.

నేను పోయినదాన్ని పోయినట్టు ఉండలేదు. పొద్దుపొద్దునే లేచి, మంచులో నడుచుకుంటూ వచ్చి, వాకిలి బయట నిలబడేదాన్ని. పెళ్ళయి అడుగుపెట్టిన నాటి నుంచి ఒక్క దినం విడిచిపెట్టని ఇల్లు. నా ఇంటిని నేనే దొంగలా గోడ పక్క నుంచి చూసుకోవాల్సి వచ్చింది. ఒకరోజు అట్లా నిలబడి ఉండగా ఆమె కంప పక్కకు జరిపి, తాళం తీసింది. తలుపు తోసే ముందు గట్టిగా దగ్గింది. అది రోగపు దగ్గు కాదు. మగవాళ్ళున్న ఇంట్లోకి పోయేటప్పుడు ఆడవాళ్ళు దగ్గుతారే, ఆ దగ్గు. కాసేపు ఆగి లోపలికి పోయింది. పొరక చప్పుడు వినబడింది. అది నడిమింట్లోకి వచ్చి ఆగిపోయింది.

"జరుగు తమ్మీ, ఊడ్వాలె" అంది ఆమె.

నడిమింట్లోనే ఆయన మంచం ఉండేది. అక్కడే పోయాడు. ఆమె బయటికి వచ్చినాక అడిగాను.

"అక్కా, ఎవలతోని మాట్లాడినవ్?"

"నీ పెనిమిటితోని."

"ఏమన్నడు?"

"ఏమంటడు. కాళ్ళు ముడుచుకున్నడు. ఊడ్సిన."

ఆయన బతికున్నన్ని రోజులూ, నేను ఊడుస్తుంటే ఏనాడూ కాళ్ళు ముడిచినవాడు కాదు. చుట్టూ ఊడ్చుకొని పొమ్మనేవాడు. ఆ మాట ఆమెతో అన్నాను.

"నీకెందుకు ముడుస్తడు. పెండ్లమాయె. నేనంటే పరాయిదాన్ని గదా, మొగమాటపడ్డడు" అంది.

నాకు నవ్వు వచ్చింది. ఆయన పోయినాక అదే మొదటిసారి నవ్వడం. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపయింది. గోడకు ఆనుకొని కూర్చుండిపోయాను. ఆమె ఓదార్చలేదు. ఓదార్చే గుణం ఆమెది కాదు. చెత్త ఎత్తి దూరంగా పోసి వచ్చి, కంప మళ్ళీ తలుపుకు అడ్డం పెట్టి, "రేపు రాకు" అంది. నేను తెల్లారి మళ్ళీ పోయాను. తిట్టింది. ఆ తర్వాత తిట్టడం మానేసి, నేను వచ్చే యాళ్ళకు సత్తుగిన్నెలో చాయ పెట్టి ఉంచేది.

ఆ చలికాలంలోనే ఎక్కడో తుఫాను పట్టి ముసురు మొదలయింది. కల్లంలో ఎండబోసిన మిరపకాయల మీద పట్టాలు కప్పుకొని మా తంటాలు మేము పడుతున్నాం. మా కొడుకు ఊరి దిక్కు చూసి, చేతిలో పట్టా వదిలేశాడు.

"అమ్మా, మనింట్లకెళ్ళి పొగ లేస్తుంది."

ఇల్లు అంటుకుందనుకొని ఉరికాం. పోయి చూస్తే తలుపు తెరిచే ఉంది. కంప పక్కన పడి ఉంది. నా వంటింట్లో, నా పొయ్యిలో పత్తికట్టె మండుతోంది. మంట కంటే పొగ ఎక్కువ. ఆమె పొయ్యి ముందు కూర్చొని కళ్ళు తుడుచుకుంటోంది. మా కొడుకు గడప దాటలేక బయటి నుంచే అందుకున్నాడు.

"ఏంది పెద్దమ్మా గిది? పాడువెట్టిన ఇంట్ల పొయ్యి ముట్టిస్తవా? మా కొంప ముంచుతవా?"

ఆమె లేవలేదు. "మీ కొంప మునుగుతనే ఉన్నది బిడ్డా. మీదికి సూడు."

దూలం మీద చెదలు దారి వేసింది. గోడ అడుగు నుంచి దూలం దాకా మట్టి గీత పాకింది. ముసురుకు కట్టె నాని నల్లబడి ఉంది. మాది పెంకుటిల్లు. కట్టె పోతే ఇల్లు పోయినట్టే.

"ఇంట్ల మనిషి లేకుంటే పొగ ఉండది. పొగ లేకుంటే చెద ఊకుంటదా?"

"దీపం పెట్టొద్దని అయ్యగారు చెప్పలేదా?"

"దీపం వద్దన్నడు. పొగ వద్దన్నడా? పోయి అడిగి రా."

మా కొడుకు నా దిక్కు చూశాడు. నేను పెంకుల సందుల్లోంచి పోతున్న పొగ దిక్కు చూశాను. నేను రోజూ రాజేసిన పొయ్యి అది. అది చల్లబడి ఉన్నన్ని రోజులూ నాకు ఏ అన్నమూ రుచి తెలియలేదు. "అడగకు. పోదాం పా" అన్నాను. ఊళ్ళో నాలుగు మాటలు అన్నారు. అననీ. మా ఇల్లు ఇప్పుడు నిలబడి ఉందంటే ఆ పొగతోనే.

గడువు తీరి మేము ఇంటికి రావడానికి ముందు ఒక సాయంత్రం, అరుగు ముందు పత్తికట్టె మంట వేసుకొని ఇద్దరం కూర్చున్నాం. చలికి వేళ్ళు వంగడం లేదు. ఇన్ని ఇండ్లు కాసినదానివి, భయం కాలేదా అని అడిగాను.

"దేనికి భయం? సచ్చినోళ్ళు మంచోళ్ళు. జరుగుమంటె జరుగుతరు" అంది. మంటను ఎగదోసింది. తర్వాత అడగకుండానే మాట్లాడింది. ఆమె అట్లా మాట్లాడడం నేను అదొక్కసారే విన్నాను.

"గిన్ని ఇండ్లు కాసిన గని, అన్నీ అరుగుల మీదనే పన్న చెల్లె. ఒక్కనాడు లోపల పన్నది లేదు. అదేం పెద్ద బాధ గాదు. మొన్న ఇంకోటి సోయికొచ్చింది. ఎవలు సచ్చినా ఒక ఇల్లు ఇడుస్తరు. తలుపుకు కంప వెడ్తరు. పోయెటోళ్ళు ఆగి, ఎవలు పోయిండ్రని అడుగుతరు. నేను సస్తే ఏ ఇల్లు ఇడుస్తరు? ఎవల అరుగు మీదనో సస్త. నీళ్ళు గుమ్మరిచ్చి కడుక్కుంటరు. నేను పోయిన్నని సూపెటందుకు ఒక్క తలుపుకు కంప ఉండది."

మా ఇంట్లో ఉండిపొమ్మని ఆ తర్వాత చాలాసార్లు అన్నాను. "పని లేని ఇంట్ల నాకేం పని" అని పోయేది. ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చి, అరుగు మీద కూర్చొని, చాయ తాగి, దూలాల దిక్కు ఒకసారి చూసి పోయేది.

తర్వాత తర్వాత ఆమెకు పని తగ్గింది. పెంకుటిండ్లు పోయి స్లాబులు వచ్చాయి. స్లాబుకు చెదల భయం లేదు. జనగామలో ఒక పెద్ద ఇంటివాళ్ళు కబురు పెడితే పోయి, అదే రోజు తిరిగి వచ్చింది. వాళ్ళు మనసు మార్చుకొని తలుపు మీద కెమెరా పెట్టించారట. ఎక్కడున్నా ఫోన్‌లో ఇల్లు కనబడుతుందట.

"కెమెరా దగ్గుతదా అని అడిగిన" అంది నాతో. "వాళ్ళకు సమజ్ కాలే."

ఈ చలికాలం మొదట్లో గార్ల నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ ఒక ఇంటి అరుగు మీద పడి ఉందట. దవాఖానలో చూపిస్తే, వయసు మీద పడింది, ఇంటికి తీసుకుపొమ్మన్నారట. ఏ ఇంటికి అని అడిగితే నా పేరు చెప్పిందట. ఫోన్ చేసినామె గొంతులో తొందర ఉంది. "జర జల్ది తీస్కపోండి అవ్వా. మా అరుగు మీద ఏమన్న అయితె మమ్ముల ఇల్లు ఇడువుమంటరేమో. పిల్ల పెండ్లి పెట్టుకున్నం." ఆమెను తప్పుపట్టను. ఎవరి భయం వాళ్ళది.

ఆటోలో తీసుకొచ్చాం. మా కొడుకు ఎత్తుకొని దించాడు. గుప్పెడు మనిషి అయిపోయింది. గడప దగ్గరికి రాగానే వాడి భుజం తట్టి ఆపింది. ఊపిరి కూడదీసుకొని దగ్గింది.

"ఎవలున్నరు పెద్దమ్మా లోపల?" అన్నాడు వాడు.

"మీ బాపు ఉన్నడు గదరా. చెప్పి పోవాలె."

నడిమింట్లో మంచం వేశాను. నా దుప్పటి కప్పబోతే వద్దంది. తన గొంగడే కప్పుకుంది. మీద దూలాల దిక్కు చూస్తూ పడుకుంది. నాలుగు గోడల మధ్య ఆమె పడుకొని ఉండగా చూడడం నాకు కొత్తగా ఉంది. ఆమెకూ కొత్తగానే ఉన్నట్టుంది. చెయ్యి చాపి గోడను ముట్టి చూసేది. కొన్నాళ్ళు అట్లా గడిచాయి. గంజి తాగేది. తర్వాత అదీ మానేసింది.

ఒక మధ్యాహ్నం నన్ను పిలిచింది. గోడకున్న క్యాలెండర్ దిక్కు వేలు చూపించింది.

"ఇయ్యాల నక్షత్రం ఏంది చెల్లె?"

ఎందుకు అడుగుతుందో నాకు అర్థమైంది. ఆమె బతుకంతా ఆ నక్షత్రాల మీదనే గడిచింది. చెడ్డవి ఏవో, ఏది ఎన్ని నెలలో నోటికి వచ్చు. అక్షరాలే రావు.

"మంచిది గాకుంటే నన్ను కొట్టంల వెయ్యి" అంది. "జల్ది వెయ్యి. నీ ఇల్లు మళ్ళ పాడువెట్టుకోకు. దూలం ఇంకోసారి తట్టుకోదు."

అద్దాలు పెట్టుకొని క్యాలెండర్ దగ్గరికి పోయాను. చిన్న అక్షరాలు. వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాను. ధనిష్ఠ అని ఉంది. దానికంటే చెడ్డది లేదు. దాని వెనక వరుసగా వచ్చేవీ చెడ్డవే. మా కొడుకు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. వాడికి నాకంటే చదువు ఎక్కువ. అక్కడి నుంచే వాడికి కనబడుతుంది.

"అశ్విని" అన్నాను.

ఆమె కళ్ళు మూసుకుంది. "నీకు సదువు కొత్త. మళ్ళ సూడు."

మళ్ళీ వేలు పెట్టాను. "అశ్వినే అక్కా."

"నిన్న?"

"రేవతి."

"రేపు?"

"భరణి."

ఇక్కడ నాకు చదువు పనికి రాలేదు. కార్తెలు పనికొచ్చాయి, వాటివీ నక్షత్రాల పేర్లే. వ్యవసాయం చేసినదాన్ని, ఏ కార్తె వెనక ఏది వస్తుందో నిద్రలో అడిగినా చెబుతాను. మా కొడుకు క్యాలెండర్ మీది నుంచి చూపు దించుకున్నాడు. కాళ్ళ దిక్కు చూస్తూ నిలబడ్డాడు.

ఆమె కళ్ళు తెరిచి నన్ను చూసింది. చాలాసేపు చూసింది.

"సదువు మంచిగనే వచ్చింది నీకు" అంది.

నమ్మిందో లేదో ఆమెకే తెలియాలి. గోడ దిక్కు తిరిగి పడుకుంది. కొట్టం మాట మళ్ళీ ఎత్తలేదు. పొద్దు వాలుతుండగా ప్రాణం పోయింది. ఒక చెయ్యి గోడకు ఆనించి ఉంది.

మా కొడుకే అన్నీ చేశాడు. మహదేవపూర్ దిక్కు ఎవరికి చెప్పాలో తెలియక ఎవరికీ చెప్పలేదు. అయ్యగారిని పిలిస్తే నక్షత్రం విని తల ఊపాడు. "బయటి మనిషి గద అయ్యగారూ, మా గోత్రం గాదు, ఇడువాల్నా?" అని మా కోడలు అడిగింది. అడగడంలో తప్పు లేదు. మిరప ఏరుడు మొదలైంది, సామాను మోయాల్సింది తనే.

"పోయింది ఎవలన్నది గాదమ్మా. ఎక్కడ పోయిండ్రన్నది" అన్నాడు ఆయన.

మా కొడుకు గొడ్డలి తీసుకొని లేచాడు. "కంప నేను కొట్టుకొస్త" అన్నాడు. చేను గట్టు మీది తుమ్మ నుంచి పెద్ద కొమ్మ కొట్టుకొచ్చి, తలుపుకు అడ్డం నిలబెట్టాడు. అందరికీ కనబడేటట్టు పెట్టాడు. కొడుకూ కోడలూ మోటారు గదికి పోయారు. నన్నూ రమ్మన్నారు.

"ఇంటికి కావలెవరు మరి?" అన్నాను. ఆమె గొంగడి, ఆమె పొరక అరుగు మీదనే ఉన్నాయి. తాళంచెవి కొంగుకు కట్టుకున్నాను.

ఇప్పుడు ఈ అరుగు మీదనే కూర్చొని రాస్తున్నాను. మంచు ఇంకా విడవలేదు. ఎవరు పోయారని అడిగిన ప్రతివాళ్ళకూ కావలామె పోయిందని చెబుతున్నాను. ఆమెకు ఇల్లు విడవడమేందని కొందరు నవ్వారు. కొందరు కంప దిక్కు చూసి, తల మీద తువ్వాల తీసి పోయారు.

నిన్న చిరుజల్లు పడింది. ఈ పొద్దున కంప పక్కకు జరిపి తాళం తీశాను. పొయ్యిలో పత్తికట్టె పెట్టి రాజేశాను. కాసేపటికి ఫోన్ మోగింది.

"అమ్మా, ఇంట్లకెళ్ళి పొగ లేస్తుంది" అన్నాడు మా కొడుకు.

"లేస్తది" అన్నాను. వాడు సరే అని పెట్టేశాడు.

పొరక తీసుకొని, నడిమింటి గడప దగ్గర ఆగి దగ్గాను. లోపల చలిగా, చీకటిగా ఉంది. గడప నుంచి ఊడ్చుకుంటూ గోడ పక్క మంచం ఉన్న చోటికి వచ్చాను.

"జరుగక్కా, ఊడ్వాలె" అన్నాను.

ఆమె కాళ్ళు ముడుచుకునేదాకా ఆగి, ఊడ్చాను.